చెప్పుల దగ్గర ఊపిరి

మూడో రికార్డు తుడుస్తున్నాను. ఫ్లానెల్ గుడ్డ గాడి వెంటే గుండ్రంగా తిరగాలి, అడ్డంగా పోకూడదు. మధ్యలో అంటించిన కాగితానికి తడి తగలకూడదు. పెదనాన్న కుర్చీలో కూర్చుని నా చేతినే చూస్తున్నాడు. ఆయన ఒళ్లో బద్ద ఉంది. మూరెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు, నున్నగా చిత్రిక పట్టిన చెక్క. నాటకశాలలో తెరల వెనక ముప్పై ఏళ్లు వడ్రంగం చేసి ఆయన ఇంటికి తెచ్చుకున్నవి ఆ బద్ద, పైనుంచి పడి విరిగిన కాలు, ఒక పాట.

నా చెయ్యి కాస్త అడ్డంగా పోయింది. బద్ద నా వేళ్ల కణుపుల మీద పడింది.

"అది మనిషి చర్మం అనుకుని తుడువు," అన్నాడు పెదనాన్న.

మనిషి చర్మం విషయంలో ఆయన అంత జాగ్రత్తగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. తల వంచుకుని మళ్లీ గుండ్రంగా తుడిచాను.

ఆ ఎండాకాలం ఆ ఇంట్లో ఏడుగురు ఆడవాళ్లం ఉన్నాం. పెద్దమ్మ, వాళ్ల కూతురు అక్క, నేను. మిగిలిన నలుగురూ అట్ట సంచుల్లో ఉండేవాళ్లు. నలుగురూ పేరు మోసిన గాయనులే. నలుగురూ పాడింది ఒకే పాట.

మాటలు లేకుండా మొత్తం పాడుతూనే ఆడే నాటకాన్ని ఒపెరా అంటారని నాకు పల్లె నుంచి వాళ్లింటికి వచ్చాకే తెలిసింది. ఆ పాట అలాంటి ఒక నాటకం లోది. రెండో అంకంలో ఒక అక్క కోట తలుపు ముందు నిలబడుతుంది. ఆమె తమ్ముణ్ని సైనికులు ఉత్త కాళ్లతో ఈడ్చుకుపోయి లోపల పడేశారు. ఆమె వానలో పరుగెత్తుకుంటూ వచ్చి కాపలావాణ్ని బతిమాలుతుంది. "బయట వాన పడుతోంది, వాడి చెప్పులు తెచ్చాను, తలుపు తీయండి." చివర్లో వచ్చే మాటలు ఇంతే. కానీ ఒక్కో మాటనీ సాగదీసి, పైకి ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించి పాడాలి. మా ఇంట్లో దాన్ని చెప్పుల వాక్యం అనేవాళ్లం.

ఆ వాక్యం ఎవరెలా పాడారన్నదే పెదనాన్నకు లోకం. గాయనులకు ఆయనే పేర్లు పెట్టాడు. గాజుపిల్ల గొంతు సన్నగా మెరుస్తుంది, కానీ వాక్యంలో మూడుసార్లు ఊపిరి పీలుస్తుంది. ఏడుపుగొట్టు ప్రతి మాటకీ వెక్కుతుంది. ఆవిడ పాడితే కాపలావాడు జాలితో కాదు, విసుగుతో తలుపు తీస్తాడనేవాడు పెదనాన్న. ఇనపమ్మ అడగదు, ఆజ్ఞాపిస్తుంది. ఒకే ఒక్కసారి, చెప్పులు తెచ్చాను అన్నాక, ఊపిరి పీలుస్తుంది. ఇక మహాతల్లి అసలు పీల్చదు. వాన దగ్గర మొదలుపెడితే తలుపు దాకా ఒకే ఊపిరి. ఆవిడ ఆ ఊరొచ్చి పదకొండు రోజులు పాడినప్పుడు, గాలికి ఊగకుండా అట్టకోటను వెనక నుంచి పట్టుకుని నిలబడింది పెదనాన్నే.

"ఆమె వీపు నాకు జానెడు దూరంలో ఉంది. కదల్లేదు," అనేవాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆ ఒక్క మాట దగ్గర ఆయన గొంతు మెత్తబడేది.

రోజూ సాయంత్రం నాలుగింటికి పరీక్ష. ఏ రికార్డో కనబడకుండా వీపు అడ్డం పెట్టి ప్లేయరు మీద వేసేవాడు. మేం ముగ్గురం వరసగా కూర్చుని పాడేది ఎవరో చెప్పాలి. ఎలా గుర్తుపట్టామో కూడా చెప్పాలి. తప్పితే బద్ద. పెద్దమ్మ ఒక్కసారి కూడా తప్పగా నేను చూడలేదు. కానీ ఎలా గుర్తుపట్టావని అడిగితే మాత్రం, "మీరన్నట్టేనండీ," అని ఊరుకునేది.

పై అంతస్తులో ఒక దర్జీ ఉండేవాడు. ఒకరోజు మెడలో టేపు వేలాడుతుండగానే దిగి వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. రోజూ వింటున్నాను కాబట్టి నాకూ ఒక అభిప్రాయం ఏర్పడిందని నవ్వుతూ మొదలుపెట్టాడు. ఆ మహాతల్లి ఎవరో నిద్రలో పాడుతున్నట్టుందనీ, ఇనపమ్మే నయమనీ అన్నాడు. పెదనాన్న కుర్చీలోంచి నెమ్మదిగా లేచి, కుంటుకుంటూ గుమ్మం దాకా నడిచి, బద్ద మొనతో దర్జీ నోట్లో పొడిచాడు. ముందు పళ్లు రెండు గడప మీద పడ్డాయి. పెద్దమ్మ వాటిని కాగితంలో చుట్టి, నెత్తురు తుడిచి, పైకి తీసుకెళ్లి ఇచ్చి వచ్చింది.

వారం తర్వాత దర్జీ నాకు మెట్ల మీద ఎదురయ్యాడు. "మీ పెదనాన్నకు సంగీతమంటే ప్రాణం అమ్మాయ్," అన్నాడు, పళ్లు లేని చోట గాలి పోతుండగా. "ఎవరి ప్రాణమో అదే తెలియట్లేదు."

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు రోజంతా సిగ్గుపడ్డాను. ఎందుకంటే అది ఎవరి ప్రాణమో నాకు బాగా తెలుసు.

మా అక్క ఆ నాటకశాలలోనే బృందగానంలో ఆరేళ్లుగా పాడుతోంది. వెనక వరసలో, బూడిదరంగు గౌనులో, ముప్పై మంది మధ్య నిలబడి అందరితోపాటు అయ్యో అనడం ఆమె ఉద్యోగం. ఆ ఎండాకాలం నాటకశాల మరమ్మతులకు మూసేశారు. తొలకరితో మళ్లీ తెరిచేది ఆ నాటకంతోనేననీ, కోట ముందు నిలబడే అక్క వేషానికి బృందంలోని వాళ్లు కూడా పోటీపడవచ్చనీ కబురొచ్చింది. ఏడు వారాల గడువు. వేషం దొరికితే మా అక్కకు సొంతంగా ఒక గది, వేరే ఊళ్లలో పాటలు, తన పేరు గోడ మీద. దొరక్కపోతే ఏమిటో ఆమే చెప్పింది. "నాకు ఇరవై తొమ్మిదే. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ అడగరు. ఈ బద్ద కింద ముసలిదాన్నవుతాను," అంది, నా పక్కన పడుకుని పైకప్పు వైపు చూస్తూ.

పెదనాన్న దానికి ఒకే ఒక దారి కనిపెట్టాడు. మహాతల్లిలా ఒకే ఊపిరిలో పాడాలి. రికార్డుతో పాటే పాడాలి, ఆవిడ ఆగినప్పుడే ఆగాలి.

అక్కను నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద ఇస్త్రీ పెట్టె పెట్టి, ఊపిరి బిగబట్టమనేవాడు. మొదటి వారం చల్లటి పెట్టె. రెండో వారం నుంచి, వణుకు రాకూడదని, వేడి పెట్టె. చొక్కా మీద గుడ్డ మడత పరిచి పెట్టేవాడు. గుడ్డ పొరలు రోజుకొకటి తగ్గేవి. ఆ పెట్టెలో బొగ్గులు పోయాల్సింది నేనే. లాండ్రీలో నువ్వు రోజూ చేసే పనే కదా అనేవాడు.

అక్క పాడేది. వాన దాటేది, చెప్పులు దాటేది, తలుపు ఇంకా రెండు మెట్ల దూరంలో ఉండగా ఊపిరి అయిపోయేది. ఆమె పక్కటెముకలు తెరుచుకునే చోటు పెదనాన్నకు కంటితోనే తెలిసిపోయేది. బద్ద సరిగ్గా అక్కడే పడేది. అయిదో వారానికి అక్క ఒంటి మీద ఎడమవైపు నాలుగు నల్లటి చారలు వరసగా ఉండేవి. స్నానం చేసి వచ్చాక వాటికి మందు రాసేదాన్ని. ఒక్కోసారి అక్క, "నాటకశాలలో పియానో మీద ఇదే పాట ఇంకా పై శ్రుతిలో ఉంటుందే. ఇంట్లో ఒకటి, అక్కడ ఒకటి. నాకే చెవులు చెడ్డాయేమో," అనేది. ఆ సంగతి పెదనాన్నతో అంటే, ఈ కాలం వాళ్లు శ్రుతి పెంచి పాటను పిచ్చుకల పాలు చేశారని కొట్టిపారేశాడు.

నేను పనిచేసే లాండ్రీ రెండు వీధుల అవతల. దాన్ని నడిపే ఆవిణ్ని అందరూ ఇస్త్రీ అత్త అనేవాళ్లు. ఆవిడ బల్ల పక్కన ఒక రేడియో పొద్దుటి నుంచి మోగుతూనే ఉండేది. ఆరో వారం మొదట్లో ఒకరోజు నేను చొక్కా కాలరు రుద్దుతుండగా రేడియోలో మహాతల్లి పేరు చెప్పారు. మా ఇంట్లో ఉన్న రికార్డే, అదే ఏడాది పాడినదే. నా పెదవులు వాటంతటవే కదిలాయి. వెయ్యిసార్లు విన్నాను కదా, ఎక్కడ ఏముందో నా చేతులకు కూడా తెలుసు.

వాన పడుతోంది అనేసరికి పాట నాకంటే అరమాట ముందుంది. చెప్పుల దగ్గరికి వచ్చేసరికి ఒక మాట ముందుంది. నేను ఇంకా తలుపు దగ్గరికి రాకముందే ఆవిడ పాడటం ముగించింది. గొంతు కూడా వేరేలా ఉంది. మా ఇంట్లో బరువుగా, పెద్ద వయసు మనిషిలా ఉండే గొంతు ఇక్కడ చురుగ్గా, పడుచుగా ఉంది.

కాలరు కాలిన వాసన వచ్చింది. ఇస్త్రీ అత్త నా చేతిలోంచి పెట్టె లాక్కుంది. రేడియోలో పాటలు తొందరగా వేస్తారా అత్తా అని అడిగాను.

"వాళ్లకేం తొందర, పెళ్లికి వెళ్లాలా?" అంది. "మీ ఇంట్లోదే నిదానంగా తిరుగుతున్నట్టుంది. లోపల రబ్బరు బెల్టు జారితే అంతే. మా ఆయన బతికుండగా వారానికి పది బాగుచేసేవాడు. మీట మీద ముప్పై మూడు అని రాసి ఉంటుంది చూసుకో. నిమిషానికి అన్ని చుట్లు తిరగాలి."

మర్నాడు పెదనాన్న స్నానానికి వెళ్లినప్పుడు రికార్డు కాగితం అంచున సుద్దముక్కతో చుక్క పెట్టి, గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను. ముప్పై వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ ముప్పయ్యే.

ఆ బెల్టు సంగతి నాకు తెలుసు. నేను రాకముందు, నాలుగేళ్ల క్రితం అసలుది తెగిపోతే, పెదనాన్న పాత సైకిల్ ట్యూబు కత్తిరించి తనే వేశాడు. కొన్నదానికన్నా ఇదే గట్టి అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. అప్పటి నుంచి పాట తనకు ఇంకా లోతుగా వినిపిస్తోందనీ, వయసు వచ్చేకొద్దీ చెవి పదునెక్కుతోందనీ కూడా చెప్పేవాడు. లోతు చెవిలో లేదు. ట్యూబులో ఉంది.

వాక్యాన్ని కూడా కొలిచాను. మా ప్లేయరు మీద మహాతల్లి చెప్పుల వాక్యం ఇరవై రెండు సెకన్లు. సరైన వేగంతో తిరిగితే ఇరవై. అంటే ఆ మహాతల్లి కూడా పట్టని ఊపిరిని మా అక్క పట్టాలి. తేడా రెండు సెకన్లు. మామూలు మనిషికి అదేమంత లెక్కలోది కాదు. గొంతు బిగించి, ఊపిరితిత్తుల్లో అడుగంటిన గాలితో నిలబడ్డ మనిషికి ఆ రెండు సెకన్లే నీళ్లలో మునిగిపోవడం.

ఈ సంగతి తెలిశాక నేనేం చేశానో చెప్పాలి. ఎనిమిది రోజులు నోరు విప్పలేదు. అది ఆయన ఇల్లు. అక్కడి నుంచి పంపించేస్తే నాకు తిరిగి వెళ్లడానికి ఎవరూ లేరు. సైకిల్ ట్యూబు తప్పని ఆయనతో అంటే ఏమవుతుందో దర్జీ పళ్లు చూశాక ఊహించనక్కర్లేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ రోజూ రికార్డులు తుడిచాను, బొగ్గులు పోశాను. ఆ ఎనిమిది రోజుల్లో బద్ద ఎన్నిసార్లు పడిందో నాకు లెక్క ఉంది. ఇక్కడ రాయను.

తొమ్మిదో రోజు పెదనాన్న కొత్త పద్ధతి పెట్టాడు. రికార్డు వేసి, అక్క వెనక నిలబడి, ఎడమ చేత్తో ఆమెను నడుము దగ్గర బిగించి పట్టుకున్నాడు. కుడి అరచెయ్యి ఆమె మొహం ముందు ఎత్తి ఉంచాడు. అక్క పాడింది. చెప్పులు దాటాక ఊపిరి కోసం ఆమె నోరు తెరుచుకోగానే ఆ అరచెయ్యి నోరూ ముక్కూ కలిపి మూసేసింది.

"లేదు. నీకు అవసరం లేదు," అన్నాడు ఆమె చెవిలో, చిన్నపిల్లకు నచ్చచెప్పినట్టు. "ఆమెకు లేనిది నీకెందుకు?"

రికార్డు మీద మహాతల్లి తలుపు తీయమంటోంది. అక్క కాళ్లు నేల మీద కొట్టుకున్నాయి. ఆయన వేళ్లను గోళ్లతో చీరింది. కళ్లు ఎర్రబడి బయటికి వచ్చాయి. పాట ముగిశాకే ఆయన చెయ్యి తీశాడు. అప్పటికి అక్క ఒళ్లంతా సడలిపోయింది. జారిపోయి, కింద ఉన్న ఇస్త్రీ పెట్టె అంచుకు తల కొట్టుకుని పడింది. నెత్తురు చాప మీద పాకింది. పెదనాన్న చీరుకుపోయిన తన చెయ్యి చూసుకుంటూ, "ఇదిగో, ఇంత బలం ఉంది దీనికి. పాటలో పెట్టమంటే పెట్టదు," అన్నాడు.

అక్కకు స్పృహ వచ్చాక పడుకోబెట్టి, నేను వంటింట్లోకి వెళ్లాను. పెద్దమ్మ నెత్తుటి గుడ్డ ఉప్పునీళ్లలో పిండుతోంది. ఆవిడ వీపుతోనే మాట్లాడాను. ప్లేయరు నిదానంగా తిరుగుతోందని, ముప్పయ్యే వస్తోందని, అక్క తప్పేం లేదని చెప్పాను.

పెద్దమ్మ గుడ్డ పిండటం ఆపలేదు. "తెలుసు," అంది.

నాకు అర్థం కాలేదు. ఎప్పటి నుంచి అని అడిగాను.

"ఆయన ఆ ట్యూబు వేసిన రోజు నుంచే. నలుగురి గొంతులూ ఒకేసారి లావెక్కాయి. తెలియకుండా ఎలా ఉంటుంది? పెళ్లయిన కాడి నుంచీ వింటున్నాను." గుడ్డ దులిపి తీగ మీద ఆరేసింది. "ఆ రోజు చెబితే నన్ను కొడతాడని ఊరుకున్నాను. దాన్ని కొడతాడని అనుకోలేదే."

నా ఎనిమిది రోజుల సంగతి ఆవిడ అడగలేదు. ఆవిడ నాలుగేళ్ల సంగతి నేను అడగలేదు.

ఆ సాయంత్రమే అక్కకు చెప్పాను. తలకు కట్టు, పెదవి చీలి ఉంది. చివరి దాకా విని, "రెండు సెకన్లా?" అంది. నవ్వబోయి పక్కటెముకలు పట్టుకుంది. నవ్వుకూ నొప్పికీ మధ్య ఆమె మొహం ఎటు పోవాలో తెలియనట్టు అయింది. తర్వాత నా చెయ్యి గట్టిగా గిచ్చింది. ఎందుకు ఇన్నాళ్లు చెప్పలేదని అడగడం అదే. ఆ గోటి మచ్చ ఇప్పటికీ ఉంది.

పోటీకి ఇంకా అయిదు రోజులు. నాకు అన్నం తెచ్చే నెపంతో అక్క మధ్యాహ్నం లాండ్రీకి వచ్చేది. ఇస్త్రీ అత్త ఆవిరి యంత్రం ఆపేసి, తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లను తర్వాత రమ్మనేది. నేను గడియారం చూస్తూ సరైన వేగంతో బల్ల మీద తాళం వేసేదాన్ని. దుప్పట్లు ఆరేసిన తీగల మధ్య నిలబడి అక్క పాడింది. మొదటి రోజే వాక్యం మొత్తం ఒకే ఊపిరిలో వచ్చేసింది. ఇంకా కాస్త ఊపిరి మిగిలింది కూడా. అక్క దుప్పట్లో మొహం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఇస్త్రీ అత్త, "ఆ దుప్పటి మళ్లీ ఉతకాలి, గుర్తుపెట్టుకో అమ్మాయ్," అని నాతో అంది. ఆవిడ కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

మూడో రోజు అక్క, నీకు నలుగురిలో ఎవరు ఇష్టం అని నన్ను అడిగింది. ఆ ఇంట్లో రెండేళ్లుగా వింటున్నా ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. నేను ఆలోచించి చెప్పాను. నలుగురిలో ఎవరూ పూర్తిగా కారు. కానీ చెప్పులు తెచ్చాను అన్నాక ఇనపమ్మ ఊపిరి పీలుస్తుంది చూడు, అక్కడ నాకు నిజంగా మనిషి కనబడుతుంది. ఆమె వానలో పరుగెత్తుకుంటూ వచ్చింది కదక్కా, రొప్పు ఉంటుంది కదా అన్నాను.

అక్క మళ్లీ మొదటి నుంచి పాడింది. చెప్పులు తెచ్చాను అని ఆగి, దాచకుండా, పైకి వినపడేట్టు ఊపిరి పీల్చుకుని, తలుపు తీయండి అంది. తలుపు దగ్గర స్టూలు మీదున్న ఇస్త్రీ అత్త లేచి నిలబడింది. ఎందుకు లేచానో తనకే తెలియదని తర్వాత చెప్పింది.

పోటీ రోజు వచ్చింది. పదకొండింటికి నాటకశాలలో ఉండాలి. ఎనిమిదింటికి పెదనాన్న వీధి తలుపుకు లోపల తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. మహాతల్లితో పాటు ఒక్కసారి పాడాలనీ, ఊపిరి పీలిస్తే ఇల్లు కదలక్కర్లేదనీ చెప్పాడు. ఇంటి పేరు వీధిలో పారేయడానికి ఎవర్నీ పంపించనన్నాడు. మేం ముగ్గురం రోజూలాగే వరసగా ఉన్నాం, అక్క మాత్రం నిలబడి ఉంది.

పళ్లెం తిరిగింది. సుద్ద చుక్క ఇంకా కాగితం మీద ఉంది. నా చూపు గడియారానికీ దానికీ మధ్య దానంతటదే అటూ ఇటూ పోయింది.

అక్క పాడింది. ఆ బరువైన, నిదానమైన గొంతుతో పాటే నడిచింది. చెప్పులు తెచ్చాను అని ఆగింది. పెదనాన్న కళ్లలోకి చూస్తూ, తొందర లేకుండా, గది అంతా వినపడేట్టు ఊపిరి పీల్చుకుంది.

పెదనాన్న బద్ద ఎత్తాడు.

"ముప్పై," అన్నాను.

అది నా గొంతేనని గుర్తుపట్టడానికి అందరికీ ఒక క్షణం పట్టింది. ఆయన ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి నా వైపు తిరిగాడు. "ఏమిటే అది?"

"పళ్లెం చుట్లు, పెదనాన్నా. నిమిషానికి ముప్పై మూడు ఉండాలి. ముప్పయ్యే తిరుగుతోంది. ట్యూబు జారుతోంది. మహాతల్లి కూడా అంతసేపు ఊపిరి పట్టలేదు."

ఆ ఇంట్లో నేను ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. బద్ద నా మీద పడుతుందని కళ్లు మూసుకున్నాను. పడలేదు. కళ్లు తెరిచేసరికి ఆయన తన జేబు గడియారం తీసి ప్లేయరు దగ్గరికి కుంటుకుంటూ వెళ్తున్నాడు. ముల్లు ఎత్తి మొదట్లో పెట్టాడు. చుక్క మీదికి వంగాడు.

లెక్కపెట్టడం మొదలైంది. నలుగురం లెక్కపెట్టాం. పెద్దమ్మ పెదవులు కదులుతున్నాయి, అక్కవి కదులుతున్నాయి. ఆయనవీ కదులుతున్నాయి. అట్టకోట వెనక నిలబడ్డప్పుడు కూడా ఆయన అంత కదలకుండా నిలబడి ఉంటాడా అనిపించింది. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. ముప్పై. గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు మీదికి వచ్చింది. ఆయన పెదవులు ముప్పై మీద ఆగిపోవడం నేను చూశాను.

గడియారం మూత మూసి జేబులో వేసుకున్నాడు. నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు.

"ముప్పై మూడు," అన్నాడు.

పాట సాగుతూనే ఉంది. ఆయన పెద్దమ్మ వైపు తిరిగాడు. "నువ్వెంత లెక్కపెట్టావు?"

పెద్దమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆవిడ ఏమంటుందో నాకు తెలుసనుకున్నాను. ఆవిడ నేల వైపు చూస్తూ, ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినంత మామూలుగా, "ముప్పై," అంది.

బద్ద ఆవిడ మెడకూ భుజానికీ మధ్య పడింది. ఎముక చిట్లిన చప్పుడు పాట కంటే స్పష్టంగా వినిపించింది. ఆవిడ గోడకు జారి కూర్చుంది. "ఎంత?" అన్నాడు మళ్లీ.

"ముప్పై."

ఈసారి చెంప మీద. చెవి తమ్మె చిరిగింది. "ఎంత?"

పెద్దమ్మ నోరు తెరిచేలోపు అక్క ఆయన మణికట్టు పట్టుకుంది. ఆ ఎండాకాలమంతా పొట్ట మీద ఇస్త్రీ పెట్టె మోసిన మనిషి, ఆమె బలం ఆయనకు తెలియనిది కాదు. ఒక్క మెలికకే బద్ద ఆమె చేతిలోకి వచ్చింది. ఆయన కుంటికాలు మడత పడి కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. అక్క కొట్టింది. భుజం మీద, మోచేతి మీద, మళ్లీ భుజం మీద, కనుబొమ మీద. అలవాటు కొద్దీ అవీ లెక్కపెట్టాను. నాలుగు. నాలుగోదానికి నెత్తురు ఆయన కంట్లోకి కారింది. అయిదోది ఎత్తింది గానీ కొట్టలేదు. ఎత్తిన చేతిని చూసుకుని, ఎవరి చెయ్యో అన్నట్టు దించి, బద్దను కిటికీలోంచి వీధిలోకి విసిరేసింది.

నేను ఆయన పక్కన కూర్చుని చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. ఆయన ఒక కంటితో నన్ను చూశాడు. ఆపలేదు. తాళంచెవి వెచ్చగా ఉంది. వెళ్లి తలుపు తీశాను.

ఆ తర్వాత ఎవరూ తొందరపడలేదు. ఇస్త్రీ చేసిన దుప్పటి చింపి పెద్దమ్మ చెయ్యి మెడకు కట్టాను. ఆవిడ పళ్లు బిగించుకుని, మంచి చేత్తో అక్క జుట్టు సర్ది పిన్ను పెట్టింది. అక్క మొహం కడుక్కుంది. గోరువెచ్చటి నీళ్లు పుక్కిలించింది. చొక్కా చేతి మీద పడిన నెత్తుటి చుక్కను తడి గుడ్డతో అద్ది, పోకపోతే వదిలేసింది. పాట కాగితాలు చంకలో పెట్టుకుంది. ప్లేయరు మీద రికార్డు ఎప్పుడో అయిపోయి, ముల్లు ఖాళీ గాడిలో గీరుకుంటూ తిరుగుతోంది. ఎవరూ వెళ్లి ఆపలేదు.

అక్క గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పెదనాన్న నేల మీద నుంచే మాట్లాడాడు. గోడకు ఆనుకుని, కన్ను అరచేత్తో మూసుకుని ఉన్నాడు. గొంతులో కోపం లేదు. జానెడు దూరంలోని ఆ వీపు గురించి చెప్పినప్పుడు ఎలా ఉండేదో అలా ఉంది.

"చెప్పుల దగ్గర ఊపిరి పీల్చకు," అన్నాడు.

అక్క గుమ్మంలో ఆగింది. వెనక్కి తిరగలేదు. మా అందరికీ వినపడేట్టు, నిండుగా ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.